గవర్నమెంట్ టూర్ టికెట్ల ఏజెన్సీ, మా విజయవాడ ఆఫీసు అనుభవం: టికెట్ ఈజీ, బిల్లు దగ్గరే తంటా

ముందే చెప్పేస్తా, ఐదుకి మూడున్నర ఇస్తున్నా. మూడు స్టార్లు టికెట్ చేసే పనికి, అర స్టారు రాత్రిపూట కూడా ఫోనెత్తే హెల్ప్‌డెస్క్ అబ్బాయికి, ఇవ్వకుండా ఆపుకున్న ఒకటిన్నర మొత్తం ఏజెన్సీ వాళ్ళు నెలనెలా పంపే స్టేట్‌మెంట్‌కి. ఎందుకో చెప్తా, కొంచెం పెద్దగానే ఉంటుంది, గవర్నమెంట్ ఆఫీసులో టూర్ టికెట్లు, బిల్లులు చూసే సీటులో కూర్చున్న వాళ్ళయితే ఓపిగ్గా చదువుతారు, మిగతా వాళ్ళు దాటేయొచ్చు.

నేను విజయవాడలో ఒక సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసులో యూడీసీని, అంటే అప్పర్ డివిజన్ క్లర్క్‌ని. మా దగ్గర టూర్ వెళ్ళేది సార్లు, టికెట్ చేసేది నేను, వాళ్ళు తిరిగొచ్చాక టీఏ బిల్లు, అంటే ప్రయాణ ఖర్చుల బిల్లు, పెట్టేది కూడా నేనే. నాది జీతం లెక్కలో లెవెల్ 4, రూల్ ప్రకారం నాకు టూర్ పడితే వచ్చేది థర్డ్ ఏసీ. విమానం ఎకానమీ లెవెల్ 6 నుంచి, బిజినెస్ క్లాస్ 14 ఆ పైన. అంటే మా విజయవాడ ఎయిర్‌పోర్ట్ గన్నవరం నుంచి ఢిల్లీకి ఏ సీటు కిటికీ పక్కదో, ఏది రెక్క మీద పడుతుందో నాకు కంఠతా వచ్చు కానీ ఆఫీసు పని మీద నేను మాత్రం ఆ విమానం ఎక్కలేను. సరే అది పక్కన పెడదాం.

కొత్తగా సీటుకొచ్చిన వాళ్ళ కోసం కొంచెం వెనక కథ. ఒకప్పుడు గవర్నమెంట్ ఖర్చు మీద విమానం అంటే ఎయిర్ ఇండియానే, ఇంకోటి ఎక్కాలంటే పర్మిషన్ కావాలి. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళింది, ఆ ఏడాదే ఎక్స్‌పెండిచర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు కొత్త ఆర్డర్ ఇచ్చారు, ఏ ఎయిర్‌లైన్ అయినా ఎక్కొచ్చు కానీ టికెట్ మాత్రం మూడు చోట్లే కొనాలి అని. బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్ అండ్ టూర్స్, ఐఆర్‌సీటీసీ. మూడూ గవర్నమెంట్ కంపెనీలే. బామర్ లారీ అయితే 1867లో కలకత్తాలో పెట్టిన కంపెనీ, ఇనుప డ్రమ్ములు, గ్రీజు కూడా తయారు చేస్తారు, ఆ పేరు మీద విమానం టికెట్ వస్తే మొదట్లో మా అటెండర్ నమ్మలేదు. అశోక్ వాళ్ళు ఐటీడీసీలో, అంటే సెంట్రల్ గవర్నమెంట్ టూరిజం కార్పొరేషన్‌లో, భాగం. ఐఆర్‌సీటీసీ సంగతి రైలెక్కే వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఫోన్‌లో మనకి అలవాటైన ప్రైవేట్ యాప్‌లో ఐదొందలు తక్కువకి కనిపిస్తుంది, అక్కడ కొన్నారో ఇక మీ బిల్లు కోసం పెద్ద ఆఫీసర్ల దగ్గర రిలాక్సేషన్, అంటే రూలు సడలింపు, అడుక్కోవాలి. ఎల్టీసీకి, అంటే గవర్నమెంట్ ఖర్చు మీద సెలవు ప్రయాణానికి, వెళ్ళినా విమానం టికెట్ ఈ మూడు చోట్లే. ఇదంతా సెంట్రల్ వాళ్ళ సంగతి, స్టేట్ గవర్నమెంట్ వాళ్ళ టీఏ రూల్స్ వేరే, వాళ్ళ బిల్లులు సీఎఫ్ఎంఎస్ అనే స్టేట్ సిస్టమ్‌లో నడుస్తాయి, రెండూ కలిపి కన్‌ఫ్యూజ్ అవ్వొద్దు.

మా ఆఫీసు వాడేది ఈ మూడింట్లో ఒకటి. ఏదో చెప్పను, అవసరం కూడా లేదు, పక్క ఆఫీసుల్లో ఈ సీటు చూసే వాళ్ళతో మాట్లాడినా ఇంచుమించు ఇవే మాటలు వినిపిస్తాయి.

మంచి ముందు చెప్పుకుందాం. పెద్ద మంచి ఏంటంటే చేతిలో డబ్బు పెట్టక్కర్లేదు. ఆఫీసు పేరు మీద అకౌంట్, టికెట్ క్రెడిట్ మీద వస్తుంది, తర్వాత ఏజెన్సీ బిల్లు ఆఫీసు కడుతుంది. దీని విలువ పాత పద్ధతి చూసిన వాళ్ళకే తెలుస్తుంది. నెలాఖర్లో ఢిల్లీ మీటింగ్ అంటే జూనియర్ ఆఫీసర్లు సొంత క్రెడిట్ కార్డు గీకి టికెట్ కొనుక్కుని, అడ్వాన్స్ ఎప్పుడొస్తుందో తెలీక, బిల్లు పాసయ్యేలోపు కార్డు వడ్డీ వాళ్ళే కట్టుకునే వాళ్ళు. ఇప్పుడు ఆ బాధ లేదు. ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవుతాం, ఓటీపీ వస్తుంది, ఎంప్లాయీ వివరాలు, లెవెల్ కొడితే ఆ లెవెల్‌కి రాని క్లాస్ అసలు చూపించదు. టూర్ అప్రూవల్ ఫైలు ఇంకా తిరుగుతున్నా టికెట్ పని మొదలుపెట్టొచ్చని ఆర్డర్‌లోనే ఉంది, ఇది చాలామందికి తెలీదు, ఫైలు మీద సంతకం పడే దాకా ఆగి ఈలోపు రేటు పెరిగిపోయి లబోదిబోమంటారు. 21 రోజుల ముందు కొనమంటారు, 72 గంటల లోపు అయితే ఎందుకు లేటైందో రాసివ్వాలి. ఇక్కడ నాకు నవ్వొస్తుంది, పైనుంచి మీటింగ్ నోటీసే మూడు రోజుల ముందు వస్తే 21 రోజుల ముందు టికెట్ ఎవరు కొంటారండి. అందుకని ఆ డిక్లరేషన్ ఫార్మాట్ టైప్ చేసి డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నా, తేదీ, కారణం మార్చి ప్రింట్ తీయడమే.

ఇంకోటి, మూడు గంటల స్లాట్. మనం వెళ్ళాలనుకున్న టైముకి మూడు గంటల స్లాట్‌లో, వీలైతే నాన్‌స్టాప్‌లో, అన్నిటికన్నా తక్కువ రేటుది కొనాలి. ఢిల్లీ నుంచి బొంబాయి వెళ్ళే వాళ్ళకి ఇది భేషుగ్గా ఉంటుంది, ఆ మూడు గంటల్లో బోలెడు విమానాలుంటాయి, పోల్చి చూసుకుని తక్కువది కొనొచ్చు. మన గన్నవరం నుంచి ఢిల్లీకి? నాన్‌స్టాప్ ఉన్నదే అరకొర, స్లాట్‌లో ఒకటి కనిపిస్తే గొప్ప. అదే తక్కువది, అదే ఎక్కువది. హైదరాబాదు మీదుగానో బెంగళూరు మీదుగానో మారి వెళ్ళేవి కొన్నిసార్లు తక్కువకి కనిపిస్తాయి, కానీ అలా వెళ్తే ఉదయం మీటింగ్‌కి సార్ ముందు రోజే బయల్దేరాలి, అప్పుడు అదనంగా ఒక రోజు రూము, ఒక రోజు భోజనం, మిగిలిందేముంది. అయినా ఆడిట్ వాళ్ళు ఆ కనెక్టింగ్ రేటు చూపించి ఇది ఎందుకు కొనలేదు అంటారు. అందుకే ప్రతి బుకింగ్‌కీ ఆ టైములో స్క్రీన్ మీద కనిపించిన విమానాలన్నీ రేట్లతో సహా ప్రింట్ తీసి ఫైల్లో పెడతా. పోర్టల్‌లో ఆ ప్రింట్ బటన్ ఒక మూల చిన్నగా ఉంటుంది, బుక్ అయిపోయాక వెనక్కెళ్తే మళ్ళీ రాదు, ముందే తీసుకోవాలి. ఈ బటన్ అక్కడ పెట్టిన వాళ్ళు ఒక్కసారి ఆడిట్ ఎదురుగా కూర్చుంటే బాగుండు.

హెల్ప్‌డెస్క్ గురించి చెప్పాలి. మా సార్‌కి ఒకసారి ఢిల్లీ మీటింగ్, పొద్దున విమానం, ముందు రోజు రాత్రి తొమ్మిది దాటాక ఫోన్, "అమ్మా, రేపటిది పోస్ట్‌పోన్ అంట, టికెట్ క్యాన్సిల్ చేయించమ్మా" అని. నేను అప్పుడే పిల్లాడికి అన్నం పెడుతున్నా. పోర్టల్ ఓపెన్ అవదు, మెయింటెనెన్స్ అంట. డెస్క్‌కి చేస్తే రెండో రింగుకే ఎత్తాడు.

"చెప్పండి మేడమ్."

"రేపు పొద్దున టికెట్ బాబూ, క్యాన్సిల్ చేయాలి."

"పీఎన్ఆర్ చెప్పండి మేడమ్... ఆఁ, ఎయిర్‌లైన్ ఛార్జీలు పోతాయి మేడమ్, చేసేయమంటారా?"

"చేసెయ్ బాబూ, ఏం చేస్తాం."

"చేసేశా మేడమ్, మెయిల్ వస్తుంది. 24 గంటల లోపు క్యాన్సిలేషన్ కదా, సార్ దగ్గర డిక్లరేషన్ తీసుకుని పెట్టుకోండి, తర్వాత మీకే ఇబ్బంది."

ఆ ఆఖరి మాట ఉంది చూశారా, దానికే నా అర స్టారు. రూల్ తెలిసిన మనిషి లైన్లో ఉంటే సగం టెన్షన్ పోతుంది. మా ఆఫీసులోనే ఆ 24 గంటల రూల్ తెలిసిన వాళ్ళు ఇద్దరో ముగ్గురో.

ఇప్పుడు అసలు గొడవ. ఆ క్యాన్సిల్ చేసిన టికెట్ నెలాఖరు స్టేట్‌మెంట్‌లో ఎలా వచ్చిందో తెలుసా? టికెట్ కొన్నప్పటి ఇన్‌వాయిస్ ఒక నెలలో పూర్తి రేటుతో, వెనక్కొచ్చిన డబ్బు క్రెడిట్ నోటు రూపంలో తర్వాతి నెలలో, దాని మీద పీఎన్ఆర్ లేదు, ప్యాసింజర్ పేరు లేదు, ఏదో వాళ్ళ లోపలి నంబరు ఒకటి. నాకేమో టికెట్‌కి ఇంత, క్యాన్సిలేషన్‌కి ఇంత కోశారు, ఇంత వెనక్కొచ్చింది, నికరంగా ఆఫీసు కట్టాల్సింది ఇంత అని ఒకే వరసలో కావాలి. అదే వాళ్ళివ్వరు. పెళ్ళిలో చదివింపులు రాసే పుస్తకం కూడా దీనికన్నా క్లియర్‌గా ఉంటుంది, ఎవరు ఎంత ఇచ్చారో పేరు పక్కనే ఉంటుంది కనీసం. అకౌంట్స్‌లో బిల్లు రిటర్న్ కొట్టారు, ఈ నెట్ ఎమౌంట్ ఎలా వచ్చిందో చూపించమని. వాళ్ళ తప్పు కూడా కాదు, కాగితం మీద లేనిది వాళ్ళు మాత్రం ఎలా పాస్ చేస్తారు. ఏజెన్సీకి మెయిల్ పెడితే "స్టేట్‌మెంట్ సిస్టమ్ జనరేటెడ్ మేడమ్" అని జవాబు. సిస్టమ్ జనరేట్ చేస్తే దేవుడు రాసినట్టా? చివరికి ఇన్‌వాయిస్ ఒకటి, క్రెడిట్ నోటు ఒకటి, ఎయిర్‌లైన్ నుంచి వచ్చిన క్యాన్సిలేషన్ మెయిల్ ఒకటి పక్కపక్కన పెట్టి, ఎక్సెల్‌లో నేనే ఒక షీటు చేసి, దాని మీద సార్ సంతకం పెట్టించి పంపితే పాసైంది. ఇప్పుడు ఆ ఎక్సెల్ ప్రతి నెలా నడుస్తోంది, అంటే ఏజెన్సీ చేయాల్సిన పని జీతం లేకుండా నేను చేస్తున్నా.

అందుకే ఎవరైనా "సర్వీస్ ఎలా ఉంది" అని అడిగితే నేను టికెట్ ఎంత ఫాస్ట్‌గా వచ్చింది అని చెప్పను. టికెట్ ఎవరైనా రెండు నిమిషాల్లో చేస్తారండి. గవర్నమెంట్ వాళ్ళకి టికెట్ అమ్మే వాళ్ళ పని బిల్లు పాసయ్యాకే అయిపోయినట్టు, పీడీఎఫ్ మెయిల్ చేయగానే కాదు. మూడింట్లో ఒకటే ఎంచుకోవాలి కాబట్టి మేమెలాగూ వేరే చోటుకి పోలేం, ఆ ధీమా వాళ్ళకి ఉందని నా అనుమానం.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. బుకింగ్‌లో కాంటాక్ట్ నంబరుగా ఏజెన్సీ వాళ్ళది పడుతుంది, విమానం టైము మారితే ఎయిర్‌లైన్ మెసేజ్ వాళ్ళకి పోతుంది, ప్యాసింజర్‌కి రాదు. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ పొగమంచుకి విమానాలు ఎలా అటూఇటూ అవుతాయో తెలిసిందే కదా, ఒక సార్ అప్పటికే రామవరప్పాడు రింగు దాటి గన్నవరం దాకా వెళ్ళి అక్కడ బోర్డు మీద చూసి తెలుసుకున్నారు. నేను ఇప్పుడు టికెట్ రాగానే ఎయిర్‌లైన్ సైట్‌లోకి వెళ్ళి ప్యాసింజర్ మొబైల్ నంబరు యాడ్ చేస్తున్నా, మీరూ అదే చేయండి. పేర్ల గోల వేరే. మన వాళ్ళకి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆఫీసు ఐడీ మీద ఒక్క ఇనీషియల్ ఉంటుంది, పోర్టల్ ఏమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు డబ్బాలు పెట్టి ఇనీషియల్ కొడితే ఒప్పుకోదు. ఎయిర్‌పోర్ట్‌లో ఏ కార్డు చూపిస్తారో ముందే అడిగి ఆ కార్డు మీద ఉన్నట్టు కొట్టడమే, వేరే దారి లేదు.

బోర్డింగ్ పాస్ ఇంకో తలనొప్పి, ఇది ఏజెన్సీ తప్పు కాదులెండి. మా అకౌంట్స్ వాళ్ళు బోర్డింగ్ పాస్ లేకుండా బిల్లు తీసుకోరు. గన్నవరంలో 2023 నుంచి డిజి యాత్ర ఉంది, సార్లు మొహం చూపించి లోపలికి వెళ్ళిపోతున్నారు, పాస్ ఫోన్‌లోనే ఉంటుంది, తిరిగొచ్చాక అడిగితే యాప్‌లో పోయిందమ్మా అంటారు. గేటు దగ్గరే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయమని టికెట్‌తో పాటే మెసేజ్ పెడుతున్నా.

హోటల్ సంగతి. ఈ పోర్టల్‌లో హోటల్ కూడా ఉంది కానీ మా వాళ్ళకి పనికిరాదు, ఎందుకంటే రేట్లు చూస్తే మీకే అర్థమవుతుంది. 2017 టీఏ ఆర్డర్‌లో లెవెల్ 6 నుంచి 8 దాకా రూముకి రోజుకి 750, లెవెల్ 9 నుంచి 11కి 2250, 12, 13 వాళ్ళకి 4500, ఆ పైన 7500. ఢిల్లీ, హైదరాబాద్ లాంటి ఎక్స్ క్లాస్, అంటే మహానగరం, సిటీలో అయితే లెవెల్ 8 దాకా 1000 వరకు ఇస్తారు, కానీ బిల్లు చూపించాలి. డీఏ (కరువు భత్యం) 50 శాతం పెరిగినప్పుడల్లా ఈ రేట్లు పావు వంతు పెంచాలని అందులోనే ఉంది, 2024 జనవరికి డీఏ 50కి చేరింది. పెంచినా ఆ డబ్బుకి ఢిల్లీలో వచ్చే రూము ఎలా ఉంటుందో ఊహించుకోండి. పోర్టల్‌లో చూపించే హోటళ్ళు ఆ లెవెల్‌కి మూడింతలు. అందుకే మా వాళ్ళు డిపార్ట్‌మెంట్ గెస్ట్‌హౌస్ చూసుకుంటారు, లేదంటే గవర్నమెంట్ వసతి బుక్ చేసే ఈ-సంపద సైట్‌లో ఏమైనా ఖాళీ ఉందేమో చూస్తాం. చిన్న ఊళ్ళకి వెళ్తే లెవెల్ 8 దాకా బిల్లు లేకుండా సెల్ఫ్ సర్టిఫికేట్ సరిపోతుంది, ఎక్కడ దిగారో, ఏ తేదీల్లో ఉన్నారో రాస్తే చాలు.

భోజనానికి బిల్లులు అక్కర్లేదు, ఇది నాకు చాలా నచ్చిన రూలు. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్క, ఆ రోజు హెడ్‌క్వార్టర్, అంటే మన ఆఫీసున్న ఊరు, బయట 6 గంటల లోపు ఉంటే రోజు రేటులో 30 శాతం, 6 నుంచి 12 అయితే 70, 12 దాటితే మొత్తం. లెవెల్ 6 వాళ్ళకి 2017 రేటు 800, అంటే రాత్రి తొమ్మిదికి విజయవాడలో రైలెక్కితే ఆ రోజుకి 240. దీని మీద మా ఆఫీసులో జరిగే వాదనలు చూడాలి, ఇంటి నుంచి బయల్దేరింది అయిదున్నరకి కాబట్టి ఆరు గంటలు దాటింది అని ఒకాయన, రైలు టైమే కావాలని ఇంకొకాయన. నడిచి వెళ్తే కిలోమీటరుకి 12 రూపాయలు కూడా ఉంది ఆర్డర్‌లో, ఇంతవరకు మా దగ్గర ఎవరూ క్లెయిమ్ చేయలేదు, చేస్తే ఆ బిల్లు ఫ్రేమ్ కట్టిస్తా.

హైదరాబాద్ టూర్లకి నా సలహా, విమానం మర్చిపోండి. ఊళ్ళోంచి గన్నవరం ఇరవై కిలోమీటర్లు, గంట ముందు వెళ్ళాలి, అక్కడ శంషాబాద్‌లో దిగి మళ్ళీ సిటీలోకి రావాలి, ఈలోపు రైలు సికింద్రాబాద్‌లో దించేస్తుంది. 2023 జనవరి నుంచి వైజాగ్ వందే భారత్ మన స్టేషన్ మీదుగా పోతోంది, గుంటూరు వాళ్ళకి తిరుపతి వందే భారత్ ఉంది. తత్కాల్ ఛార్జీ కూడా టూర్‌లో ఇస్తారు, భయపడక్కర్లేదు. కాకపోతే 2025 జులై నుంచి తత్కాల్‌కి ఆధార్ ఉండాలి, ఏసీ పొద్దున పదింటికి తెరుస్తారు, ఆఫీసు ఐడీతో కాకుండా ఎవరి ఐడీతో వాళ్ళు రెడీగా ఉంటేనే దొరుకుతుంది. రిజర్వేషన్ కూడా 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే, పాత 120 కాదు.

గుంటూరు ఆఫీసుల వాళ్ళు ఈ ఏజెన్సీలో చేరాలనుకుంటే ఒక మాట. ఎయిర్‌పోర్ట్ దాకా మీకు యాభై కిలోమీటర్ల పైనే, కాజా టోల్ రసీదు, కారు కిలోమీటర్ల లెక్క టికెట్ ఫైల్లోనే పెట్టుకోండి, తర్వాత వెతకలేరు. చేరేటప్పుడే పోర్టల్ ఎలా ఉందని కాకుండా క్యాన్సిలేషన్ స్టేట్‌మెంట్ నమూనా ఒకటి పంపమని అడగండి. దాంట్లో పీఎన్ఆర్ కాలమ్ ఉందో లేదో చూడండి. టీఏ క్లెయిమ్‌కి టూర్ అయ్యాక 60 రోజులే గడువు, 2018 ముందు ఏడాది ఉండేది, క్రెడిట్ నోటు వచ్చే దాకా ఆగితే సగం రోజులు అక్కడే పోతాయి, కాబట్టి ఎంప్లాయీ క్లెయిమ్, ఏజెన్సీ బిల్లు వేరు వేరుగా పెట్టేయండి. మా దగ్గర స్టేట్‌మెంట్ ఫార్మాట్ మార్చమని మళ్ళీ మెయిల్ పెట్టాం, ఈసారి సార్ సంతకంతో. మారిస్తే ఇక్కడే వచ్చి రేటింగ్ మారుస్తా.